అమ్మ మోకాళ్లకి సూదులు పెట్టించమంటారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 59 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. కిందటి ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చాక కుడి మోకాలు పట్టుకుంది, ఇప్పుడు రెండూ. ఎక్స్‌రే చూసి ఆర్థోపెడిక్ డాక్టరు గుజ్జు అరిగిందన్నారు. పక్క ఫ్లాట్ ఆవిడ మాట మీద ఒక ఆక్యుపంక్చర్ సెంటరుకి వెళ్తే 25 సిట్టింగుల ప్యాకేజీ చెప్పారు. ముందే కట్టేస్తే తగ్గింపు. గుజ్జు మళ్లీ పుడుతుందన్నారు, షుగరు మాత్రలు కూడా మెల్లగా మానేయొచ్చన్నారు. ఇందులో నిజమెంత అని మీరడిగారు. చివర్లో నాన్నగారి నడుం సంగతి ఒక్క లైనులో కలిపారు.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను ఫిజియోథెరపిస్టుని. గాజువాక వైపు ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను, అందులో పద్నాలుగేళ్లుగా సూదులు కూడా పెడుతున్నాను. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఊరు కాబట్టి నా దగ్గర నడుములకీ మెడలకీ ఎన్నడూ కొదవ లేదు. సూదుల వల్ల నాకు నాలుగు డబ్బులొస్తాయి గనక నా మాటలో ఆ మేరకు తరుగు తీసేసి చదువుకోండి.

సంగతి ఇది. నొప్పి మీద సూదులు కొంత పనిచేస్తాయి, కొందరికి బాగానే పనిచేస్తాయి. గుజ్జు మాత్రం పుట్టదు. షుగరు మాత్రలు మానమన్న చోటికి ఇంక వెళ్లకండి. ఆ ఒక్క మాటతోనే వాళ్లకి ఏం తెలుసో, ఏం తెలియదో బయటపడిపోయింది.

ఈ గుజ్జు గొడవ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మోకాళ్ల వ్యాపారమంతా ఆ మాట మీదే నడుస్తోంది. మనం గుజ్జు అనే ఆ మెత్తటి పొరలో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అంటే అది తనంతట తాను నొప్పెట్టదు. ఒకసారి అరిగితే మళ్లీ పూర్తిగా పెరగదు కూడా. నొప్పి వచ్చేది దాని కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర వాచినప్పుడు ఆ పొర నుంచి, చుట్టూ ఉన్న కండరాలు, బంధనాల నుంచి. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగిపోయినట్టు కనిపించినవాళ్లు కొందరు మెట్లు చకచకా ఎక్కేస్తుంటారు. ఎక్స్‌రే దాదాపు బాగున్నవాళ్లు కొందరు సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనిస్తారు. మీ పక్క ఫ్లాట్ ఆవిడకి నొప్పి తగ్గిన మాట నిజమే అయ్యుంటుంది. తగ్గింది కాబట్టి గుజ్జు పుట్టిందని ఆవిడ నమ్మింది. ఇప్పుడు ఎక్స్‌రే తీస్తే పాత ఫిల్ముకీ కొత్త ఫిల్ముకీ తేడా కనిపించదు. ఆవిడ మోకాలికి మాత్రం తేడా తెలుస్తోంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

సూది పెడితే ఏమవుతుందో చూడనివాళ్లకి పెద్ద భయం. ఒక సిట్టింగు ఎలా ఉంటుందో చెప్తాను. ఆక్యుపంక్చర్ సూది మందం దాదాపు 0.25 మిల్లీమీటరు. ఇన్సులిన్ సూదులూ ఇంచుమించు అంతే సన్నం. రక్తపరీక్షకి వాడేది దీనికి మూడింతలు లావుంటుంది. పైగా ఇందులో మందు పోయే రంధ్రం ఉండదు, చివర కూడా కోసేలా ఉండదు, కండ పీచుల్ని పక్కకి నెట్టుకుంటూ దిగుతుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టం చర్మం మీద ఆనించి, అందులో సూది ఉంచి, పైనుంచి వేలితో ఒక్క తట్టు తడతాం. చీమ కుట్టినంత కూడా ఉండదు. తర్వాత గొట్టం తీసేసి, సూదిని రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ కొద్దికొద్దిగా దించుతాం. ఒక లోతుకి వెళ్లాక పేషెంటు మొహం మారుతుంది. ఎవర్ని అడిగినా ఇంచుమించు అవే మాటలు: లోపల బరువెక్కినట్టుంది, లాగుతోంది, తిమ్మిరి పాకింది. చైనా వైద్యులు దీన్ని 'ద చీ' అంటారు, చీ, అంటే ఒంట్లో తిరిగే శక్తి, అందింది అని దాని అర్థం. అదే క్షణంలో నా వేళ్లకి కూడా తెలుస్తుంది, గాలానికి చిన్న చేప తగిలినట్టు సూదిని కండ పట్టుకుంటుంది. అప్పుడు వదిలేసి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుకోబెడతాం. చాలామంది నిద్రపోతారు.

మోకాలికైతే సాధారణంగా చిప్ప కింద రెండు పక్కలా ఉండే గుంటల్లో, తొడ కండరంలో, పిక్కకి ముందువైపు ఎముక పక్కన పెడతాం. ఆ చివరి చోటు పేరు 'జు సాన్ లీ'. చిప్పకి నాలుగు వేళ్లు కింద, ఎముకకి ఒక వేలు బయటికి ఉంటుంది. లీ అంటే చైనావాళ్ల దూరం కొలత, ఈనాటి లెక్కలో అర కిలోమీటరు. అలసిన బాటసారి ఇక్కడ నొక్కుకుంటే ఇంకో మూడు లీలు నడవగలడని ఒక కథ చెప్తారు. ముప్ఫై రెండు కిలోమీటర్ల ప్రదక్షిణకి ఒకటిన్నర కిలోమీటరు ఏం సరిపోతుందని మా పేషెంటొకాయన నవ్వాడు.

ఈ విద్య ఎక్కడిదంటే, రెండువేల ఏళ్లకి పైబడిన చైనా గ్రంథాల్లో ఉంది. శరీరంలో చీ అనే శక్తి పన్నెండు ప్రధాన దారుల్లో తిరుగుతుందని, దారి మూసుకుపోతే జబ్బని, సూదితో తెరవొచ్చని వాళ్ల లెక్క. సంప్రదాయంలో 361 బిందువులున్నాయి. మన మర్మస్థానాలే చైనాకి వెళ్లాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, ఆ మాట పట్టుకోకండి. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలు దెబ్బ తగిలితే ప్రమాదమని హెచ్చరించిన చోట్లు. శస్త్రం తగలకూడదని ఆయనంటే, సూది పెట్టాలని వీళ్లంటారు. మనకి దీనితో ఉన్న చుట్టరికం వేరే ఉంది. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు వెళ్లారు. అందులో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. 1996లో పశ్చిమ బెంగాల్ దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. కేంద్రం 2019లో గుర్తించింది.

అమెరికావాళ్లకి దీని పిచ్చి పట్టించింది ఒక విలేకరి అపెండిక్స్. 1971లో న్యూయార్క్ టైమ్స్‌కి చెందిన జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ఉండగా ఆపరేషను చేయాల్సి వచ్చింది. ఆపరేషను మామూలు మత్తుమందుతోనే చేశారు. తర్వాత కడుపు ఉబ్బి బాధపడుతుంటే సూదులు పెట్టారు. ఆయన రాసింది అదే. జనం నోట్లో పడి అది సూదులతోనే ఆపరేషను చేశారన్న కథైపోయింది. ఇప్పటికీ నాకు ఆ కథ వినిపిస్తూనే ఉంటుంది.

ఇక ఎలా పనిచేస్తుందన్నది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఒకామె భుజం నొప్పితో వచ్చింది. సూది చూడగానే, "నొప్పి పోడానికి ఇంకో నొప్పెడతావేటి బాబూ, ఇదేటి ఇడ్డూరం" అంది. ఆమె హాస్యానికి అన్నా పాయింటు సరిగ్గా పట్టేసింది. దెబ్బ తగిలిన చోట మనం గబగబా రుద్దుకుంటాం, రుద్దితే తగ్గుతుంది. ఎందుకో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ఒక సిద్ధాంతంగా చెప్పారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకి ఒక గేటు లాంటిది ఉంటుంది, స్పర్శ సంకేతాలు ముందు చేరితే ఆ గేటు కొంత మూసుకుంటుంది. తర్వాత 1970ల్లో ఇంకో సంగతి తేలింది. సూదితో తగ్గిన నొప్పి, నలాక్సోన్ అనే మందు ఇస్తే కొన్ని ప్రయోగాల్లో తిరిగొచ్చింది. నలాక్సోన్ పని మార్ఫిన్‌ని అడ్డుకోవడం. అంటే సూది పడ్డప్పుడు శరీరం తన సొంత మార్ఫిన్ లాంటి ఎండార్ఫిన్లని విడుదల చేస్తోందన్నమాట. 2010లో ఎలుకల మీద ఇంకో ప్రయోగం జరిగింది. సూది తిప్పిన చోటే అడినోసిన్ అనే పదార్థం పెరిగి, దగ్గర్లోని నరం నోరు నొక్కిందని చూశారు. ఇలా చోటులోనూ, వెన్నులోనూ, మెదడులోనూ ఏదో జరుగుతోందన్నది వాస్తవం. చీ తిరుగుతుందన్న ఆ దారులు మాత్రం శరీరాన్ని కోసి చూసినవాళ్లెవరికీ కనిపించలేదు. నేను వాటిని పాత మ్యాపుగా వాడుకుంటాను. మ్యాపులో గీసిన గీత నేల మీద కనిపించకపోయినా ఊరికి చేరొచ్చు.

ఇక్కడే అసలు చిక్కు. పనిచేసేది సూదా, సూది పెట్టించుకున్నామన్న భరోసానా? ఇది తేల్చడానికి జర్మనీలో 1998లో ఒక దొంగ సూది తయారుచేశారు. నాటకంలో కత్తి పొడిస్తే అలుగు పిడిలోకి దూరిపోతుంది చూడండి, అలాంటిదే. చర్మానికి తగులుతుంది, లోపలికి దిగదు. పేషెంటుకి తేడా తెలియదు. ఇలాంటి దొంగ సూదులతో, లేదా తప్పు చోట్ల పైపైన గుచ్చి, అసలు సూదితో పోల్చిన పరీక్షలు చాలా జరిగాయి. 2012లో వికర్స్ అనే పరిశోధకుడి బృందం సూదుల మీద జరిగిన 29 పరీక్షల్లోని దాదాపు 18 వేల మంది పేషెంట్ల లెక్కలన్నీ కలిపి చూసింది. నడుం, మెడ, భుజం, మోకాళ్లు, తలనొప్పి అన్నీ అందులో ఉన్నాయి.

వాళ్లిచ్చిన ఉదాహరణ నాకు కంఠతా వచ్చు, పేషెంట్లకి కాగితం మీద గీసి చూపిస్తుంటాను. నొప్పికి వందలో అరవై మార్కులు వేసుకుంటూ వచ్చిన మనిషిని తీసుకోండి. సూదులేవీ లేకుండా మామూలు వైద్యంతో ఉంటే 43కి దిగుతుంది. దొంగ సూదితో 35కి. అసలు సూదితో 30కి.

ఈ మూడు అంకెల ముందు కాసేపు కూర్చోండి, ఎందుకంటే రెండు పక్షాలవాళ్లూ వీటిలో సగమే చూపిస్తారు. 43కీ 30కీ తేడా చూపించి ఒకరు సూదులు బ్రహ్మాండమంటారు. 35కీ 30కీ తేడా చూపించి ఇంకొకరు అంతా భ్రమంటారు. నా లెక్క ఏంటంటే, 60 నుంచి 43కి దిగిందంతా కాలమూ, మామూలు మందులూ చేసిన పని. 43 నుంచి 35కి దించింది మంచం, అరగంట విశ్రాంతి, ఒంటి మీద చెయ్యి వేసి చూసే మనిషి, తగ్గుతుందన్న నమ్మకం. కచ్చితంగా సూది వాటా చివరి అయిదు. అయిదు చిన్నదే, కానీ సున్నా మాత్రం కాదు. పద్నాలుగేళ్లుగా నేను పెడుతున్న సూదికి ఆ అయిదే అని ఒప్పుకోవడానికి నాకు కొంత టైము పట్టింది, అబద్ధమెందుకు. ఇందులోంచి మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పాయింటు అర అంగుళం అటూ ఇటూ అయినా కొంపలేమీ మునగవు. కాబట్టి ఎవరైనా మా దగ్గర రహస్య పాయింటుంది, అది ఇంకెవరికీ తెలియదు అని ఎక్కువ డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

మోకాళ్ల విషయంలో పెద్దలకే పడట్లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకి ఆక్యుపంక్చర్ వద్దంది. అమెరికాలో కీళ్ల డాక్టర్ల సంఘం 2019లో షరతులతో సరేనంది. చదివినవి ఒకే పరిశోధనలు! ఒకరు దొంగ సూదితో తేడా చూసి ఖర్చుకి తగదన్నారు, ఇంకొకరు మాత్రలు పడని పెద్దవాళ్లకి ఇదొక ప్రమాదం లేని దారి అనుకున్నారు. అమ్మగారి వయసులో, బీపీ, షుగరుతో, పైగా ఆస్పిరిన్ మీద ఉన్న మనిషి నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీల మీద భారం రెండూ భయమే. ఆ లెక్క చూసుకుని నేనైతే ఒకసారి ప్రయత్నించమనే చెప్తాను.

ఒళ్లు బాగుండటానికి, ఇమ్యూనిటీకి, బరువు తగ్గడానికి, థైరాయిడ్‌కి, సంతానానికి అని బోర్డుల మీద రాసేవాటి గురించి ఎక్కువ చెప్పను. నొప్పిని వదిలేస్తే నాకు నమ్మకం ఉన్నవి రెండే. ఆపరేషను తర్వాత వచ్చే వికారం, వాంతులు మొదటిది. మణికట్టు ముడతకి మూడు వేళ్లు పైన, రెండు నరాల్లా కనిపించే తంతువుల మధ్య ఉండే పాయింటుకి దీని మీద మంచి రుజువులున్నాయి. అరకు ఘాట్ రోడ్డు మీద కారులో కడుపు తిప్పినప్పుడు మా అమ్మాయి చెయ్యి అక్కడే నొక్కి పట్టుకుంటాను. పనిచేస్తుందని ఒట్టేయలేను, ఆ పిల్ల మాత్రం చెయ్యి తియ్యనివ్వదు. రెండోది మైగ్రేన్ రాకుండా చూడటం. 2016లో వైద్య పరిశోధనల్ని కూర్చి చూసే కోక్రేన్ సంస్థవాళ్లు 22 పరీక్షలు కలిపి చూస్తే, సూదులు పెట్టించుకున్నవాళ్లలో నూటికి 41 మందికి తలనొప్పి రోజులు సగానికి తగ్గాయి. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 17 మందికే. నిద్ర బాగా పట్టింది, మనసు తేలికైంది అని నా దగ్గర చాలామంది అంటారు. ఫోను పక్కన పెట్టి, ఏసీ గదిలో అరగంట కళ్లు మూసుకుని పడుకుంటే నాకూ తేలికగానే ఉంటుంది.

ప్రమాదాల సంగతి. జర్మనీలో 2,29,230 మంది పేషెంట్లని గమనించిన లెక్క ఒకటుంది. నూటికి ఎనిమిదిన్నర మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, ఎక్కువగా చుక్క రక్తం రావడమో, కమిలిపోవడమో. ఊపిరితిత్తికి గుచ్చుకుని గాలి చేరడం ఇద్దరికి జరిగింది. అంత మందిలో ఇద్దరే, కానీ ఛాతీ మీద, భుజాల పైన, వీపు మీద సూది పెట్టేవాళ్లకి శరీర నిర్మాణం తెలిసుండాలి అనడానికి ఆ ఇద్దరు చాలు. సూదుల తర్వాత ఆయాసం, ఊపిరి పీలిస్తే పోటు వస్తే అది చీ కదలడం అని ఎవరన్నా వినకండి, క్యాజువాల్టీకి వెళ్లండి. ఆస్పిరిన్ వల్ల అమ్మగారికి కమిలే అవకాశం కొంచెం ఎక్కువ, అంతే, దానికోసం ఆ మాత్ర ఆపక్కర్లేదు. రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరుని అడక్కుండా రాకూడదు. కొందరు సూదులకి సన్నటి కరెంటు కూడా కలుపుతారు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అది పెట్టకూడదు.

షుగరున్న అమ్మగారికి ముఖ్యమైంది ఇంకోటుంది. మాక్సా అని, మాచిపత్రి జాతి ఆకుని పొడిచేసి చుట్టి కాల్చి ఆ వేడి పాయింటు మీద తగిలేలా చేస్తారు. మన ఊళ్లలో వాతలు పెట్టడం గుర్తుందా, దానికి నాజూకు తమ్ముడు. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలుతున్నా తెలియదు. ఒకాయన ఎక్కడో మాక్సా పెట్టించుకుని, అరికాలిలో రూపాయి బిళ్లంత బొబ్బతో నా దగ్గరికి వచ్చాడు. ఆ పుండు మానడానికి రెండు నెలలకి పైనే పట్టింది. అమ్మగారి పాదాల దగ్గర నిప్పు వద్దని గట్టిగా చెప్పండి.

నా చేతిలో జరిగిన తప్పు కూడా చెప్తాను. మొదటి ఏడాదిలో ఒక అప్రెంటిస్ కుర్రాడు మెడ నొప్పితో వచ్చాడు. శనివారం, సాయంత్రం ఆరు గంటలు. తొందరలో స్టూలు మీద కూర్చోబెట్టి రెండు సూదులు పెట్టాను. మూడోది తీసేలోగా మొహం సున్నం కొట్టినట్టయింది, నుదుటి మీద చెమట, కళ్లు తేలేశాడు. పడిపోకుండా పట్టుకుని సూదులు లాగేసి, నేల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టాను. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. శనివారం ఒక్కపొద్దు, పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ తినలేదని అప్పుడు చెప్పాడు. అడగాల్సింది నేను. అప్పట్నుంచి తిన్నారా అని అడగకుండా సూది తీయను, మొదటిసారి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి పెట్టను.

మీరు వెళ్లే చోట ఏం చూడాలంటే, సూదుల ప్యాకెట్టు మీ కళ్ల ముందే చింపాలి. వాడిన సూది గుచ్చుకోని తెల్లటి గట్టి డబ్బాలోకి పోవాలి, 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. మీ పేరు రాసిన డబ్బాలో మీ సూదులు మీకే దాచి వాడతాం అంటే కూడా వద్దనండి. హెపటైటిస్-బి లాంటివి వచ్చేది అలాంటి కక్కుర్తి వల్లే. పెట్టే మనిషి ఏం చదివారో మొహమాటం లేకుండా అడగండి. ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ, నేచురోపతి డిగ్రీ, ఏదైనా ఒక వైద్య చదువు కింద ఉండి, దాని మీద ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవాళ్లయితే మంచిది. వారం రోజుల కోర్సు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి గోడ నిండా పెట్టేవాళ్లూ ఉన్నారు. గోడ కాదు, అమ్మగారి మందుల చీటీ చేతిలోకి తీసుకుని చదువుతున్నారా లేదా చూడండి.

ఇక ప్యాకేజీ. 25 సిట్టింగులు ముందే కట్టించుకోవడం నాకు నచ్చదు. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుం నొప్పికి డబ్బిస్తోంది. వాళ్లు 90 రోజుల్లో 12 సార్ల దాకా ఇస్తారు, ఫలితం ఉంటేనే ఇంకో 8. ఫలితం లేకపోతే ఆపేయాలి. ప్రభుత్వం కూడా ఆగి చూసుకుని కడుతుంటే మీరెందుకు ముందే కడతారు? నా పద్ధతి ఆరు. వారానికి రెండు చొప్పున మూడు వారాలు, ఏ రోజుది ఆ రోజు కట్టండి. మొదలుపెట్టే ముందు వంటింటి క్యాలెండరు మీద మూడు సంగతులు రాయండి. కూరగాయలకి వెళ్లొస్తే దారిలో ఎన్నిసార్లు ఆగారు, మీ మెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎన్ని ఎక్కారు, వారంలో ఎన్ని నొప్పి మాత్రలు వేసుకున్నారు. "ఎలా ఉందమ్మా" అని అడిగితే మన అమ్మలు డబ్బు వృథా అయిందని మీరు బాధపడతారని "బానే ఉంది నాన్నా" అంటారు. క్యాలెండరు అలా మొహమాటపడదు. ఆరు అయ్యాక ఆ మూడింట్లో ఒక్కటీ కదలకపోతే ఇంక వద్దు, ఏడోది కూడా వద్దు. కదిలితే ఇంకో నాలుగు, తర్వాత ఆపి చూడండి.

నాన్నగారి నడుం గురించి, ఆయన షిప్‌యార్డులో వెల్డింగు చేసి రిటైరయ్యారని మాత్రం మీరు రాశారు. దీర్ఘకాలపు నడుం నొప్పికి మోకాళ్ల కంటే కొంచెం ఎక్కువ మద్దతే ఉంది, 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో సూదులకి చోటు దక్కింది. జర్మనీలో 1,162 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో ఆరు నెలలకి అసలు సూదులతో నూటికి 47.6 మంది, దొంగ సూదులతో 44.2 మంది, మందులూ వ్యాయామాలూ ఫిజియోథెరపీతో 27.4 మంది బాగుపడ్డారు. దొంగ సూది కూడా నా వృత్తిని ఓడించింది, మా క్లినిక్‌లో ఈ అంకెలు నేను గోడ మీద పెట్టుకోలేదు. అయినా సూదులకంటే ముందు ఆయన్ని నాలుగు ప్రశ్నలడగండి. మూత్రం పట్టు తప్పుతోందా, ఆగిపోతోందా? కూర్చునే చోట మొద్దుబారిందా? కాలు బలం తగ్గి చెప్పు జారిపోతోందా? జ్వరం గానీ, కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉన్నాయా? ఒక్కదానికి అవునన్నా సూదుల మాట మర్చిపోయి ఆసుపత్రికి తీసుకెళ్లండి, మొదటి రెండింటికైతే ఆ రోజే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికో.

అమ్మగారి దగ్గరికి వస్తే, సూదులు పెట్టించినా మానినా రెండు పనులు తప్పవు. బరువు తగ్గాలి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఈ లాభం ఏ సూదీ ఇవ్వదు. తొడ కండరం గట్టిపడాలి. సూదులు చేసే అసలు ఉపకారం నొప్పిని కొన్ని వారాలు పక్కకి జరిపి ఆ వ్యాయామం చేసే సందు ఇవ్వడమే. నా దగ్గర బాగుపడిన మోకాళ్లన్నీ ఆ సందుని వాడుకున్నవాళ్లవే. సూదులు పెట్టించుకుని ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చున్నవాళ్లు మూడు నెలలకి మళ్లీ వస్తారు. నేలమీద కూర్చుని కూరలు తరగడం, పీట మీద పూజ, ఇండియన్ టాయిలెట్టు, ఈ మూడూ కొన్నాళ్లు మాన్పించండి. పూజ కుర్చీలో కూర్చుని చేసుకుంటే అప్పన్న ఏమీ అనుకోడు.

వ్యాయామానికి నా అపాయింట్‌మెంటు అక్కర్లేదు. ఈ రాత్రి సీరియల్ టైములో మొదలుపెట్టించండి. వెనక ఆనుకోవడానికున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, కుడికాలు మోకాలి దగ్గర పూర్తిగా చాపించి, మడమ ముందుకి నెట్టి, పాదం తనవైపు లాక్కోమనండి. తొడ మీద మీ అరచెయ్యి వేసి చూడండి, కండ రాయిలా బిగుసుకోవాలి. పది అంకెలు లెక్కపెట్టి దించాలి. కుడికాలు పది, ఎడమకాలు పది. యాడ్స్ వచ్చినప్పుడల్లా ఒక దఫా.